విశ్రాంతి దొరకని బండి: 12 గంటల రేసు కోసం మా చిన్న కారు

మేం ఐదుగురం. ఒకరికి వెల్డింగ్ బాగా వచ్చు, ఒకరికి వైరింగ్ వచ్చు, మిగిలిన ముగ్గురికి సెలవు రోజు దొరికితే స్పానర్ పట్టుకోవడం ఇష్టం. రేసింగ్ మాలో ఎవరి వృత్తీ కాదు. మా దగ్గరున్నది 14 ఏళ్ళ పాత చిన్న కారు. 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్, ముందు చక్రాలకే పవర్. నలుగురు కూర్చుని, డిక్కీలో సామాను వేసుకుని ప్రయాణం చేయడానికి తయారైన బండి. దాన్ని 12 గంటల ఎండ్యూరెన్స్ రేసులో నిలబెట్టడానికి మాకు 11 నెలలు పట్టింది. ఏం చేశామో, ఎక్కడ తప్పు చేశామో రాస్తున్నాను. ఇలాంటి పనికి దిగాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని నా ఆశ.

మొదటి నెల మా మాటలన్నీ స్పీడు చుట్టూనే తిరిగాయి. ఏ క్యామ్‌షాఫ్ట్ వేద్దాం, సైలెన్సర్ పైపు ఎంత లావు పెడదాం, ఇంకో పది హార్స్‌పవర్ ఎక్కడ దొరుకుతుంది, ఇవే. మాలో పెద్దవాడు వెల్డింగ్ చేసే అన్న. ఒక సాయంత్రం ఆయన అడిగాడు: "ఒరేయ్, ఈ బండి రోడ్డు మీద గంట తిరిగితే అందులో నిజంగా కష్టపడేది ఎన్ని నిమిషాలు?"

కూర్చుని లెక్క వేశాం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేది ఎంతసేపు? బ్రేకు గట్టిగా కొట్టేది ఎన్నిసార్లు? ఎంత ఉదారంగా లెక్కేసినా రెండు నిమిషాలు దాటలేదు. మిగిలిన 58 నిమిషాలూ బండికి విశ్రాంతే. బ్రేకులు చల్లారతాయి, ఆయిల్ కిందికి దిగి స్థిమితపడుతుంది, బేరింగులు తేలిగ్గా తిరుగుతాయి. ట్రాక్ మీద ఆ 58 నిమిషాలు ఉండవు. కాబట్టి మేం చేయాల్సిన పనల్లా, బండికి పోయిన ఆ విశ్రాంతిని ఇంకో రూపంలో తిరిగి ఇవ్వడమే. ఆ రోజు తర్వాత క్యామ్‌షాఫ్ట్ మాట ఎవరూ ఎత్తలేదు. ఇంజిన్ బలం పెంచే పని చివరిదాకా ఒక్కటి కూడా చేయలేదు.

ముందు విప్పడం. సీట్లు, కార్పెట్లు, తలుపుల లోపలి అట్టలు, పైకప్పు గుడ్డ, స్టెప్నీ, ఏసీ అన్నీ తీసేశాం. నేల రేకుకు శబ్దం రాకుండా అతికించిన తారు షీట్లు ఉంటాయి. వాటిని ఉలితో గీకితే రోజంతా పడుతుంది. డ్రై ఐస్ ముక్కలు వాటిమీద పరిచి, కాసేపాగి సుత్తితో తడితే పెళుసుబారి పెంకుల్లా లేచొచ్చాయి. ఈ పని చేసేటప్పుడు షెడ్డు తలుపులన్నీ తెరిచి పెట్టాలి. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడే, మూసిన చోట అది ప్రాణం మీదికి తెస్తుంది. హీటర్‌ను కూడా పీకేయబోతుంటే వైరింగ్ తమ్ముడు ఆపాడు. వాన పడితే లోపలి అద్దం మసకబారుతుంది, అప్పుడు వేడి గాలి లేకపోతే డ్రైవర్‌కు ఏమీ కనపడదు అన్నాడు. హీటర్ ఉండిపోయింది.

తర్వాత రోల్ కేజ్, అంటే బండి బోల్తా పడినా లోపలివాళ్ళను కాపాడే గొట్టాల చట్రం. ఈ పనిలో తొందర పనికిరాదు, తెలియకపోతే తెలిసినవాళ్ళను అడగాలి. అన్న నిబంధనల పుస్తకాన్ని మూడుసార్లు చదివాకే గొట్టం కోశాడు. అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల్లో డ్రైవర్ వెనక నిలబడే మెయిన్ హూప్‌కు 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మిల్లీమీటర్ల మందం, లేదా 50 వ్యాసం, 2 మందం ఉన్న గొట్టం వాడాలి. అది కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ గొట్టం అయి ఉండాలి, అంటే పొడవునా అతుకు ఉండకూడదు. కేజ్ కాళ్ళు ఆనే చోట కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ప్లేటు బాడీకి వెల్డ్ చేయాలి. లేకపోతే బోల్తా పడినప్పుడు గొట్టం వంగదు కానీ పలచటి నేల రేకును చీల్చుకుని కిందికి దిగిపోతుంది.

గొట్టాలన్నీ పైకప్పుకు దగ్గరగా అమర్చాక ఒక చిక్కు వచ్చింది. గొట్టం కలిసే చోట చుట్టూ వెల్డింగ్ పడాలి. పైభాగానికీ కప్పుకూ మధ్య వేలు కూడా దూరదు, వెల్డింగ్ టార్చ్ ఎలా వెళ్తుంది? కొందరు కనపడే భాగం వరకే వెల్డ్ చేసి రంగు వేసేస్తారు. అన్న ఒప్పుకోలేదు. కాళ్ళు ఆనే చోట నేల రేకుకు రంధ్రాలు కోశాడు. కేజ్‌ను మొత్తంగా ఆ రంధ్రాల్లోంచి జానెడు కిందికి దించాడు. ఇప్పుడు పైన చోటు దొరికింది. అతుకులన్నీ చుట్టూ పూర్తిచేసి, కేజ్‌ను మళ్ళీ పైకెత్తి, రంధ్రాల మీద ప్లేట్లు వేసి మూసేశాడు. రెండు రోజుల పని, రంగు వేశాక ఎవరికీ కనపడదు. ఆ బండిలో మా అందరికంటే చిన్నవాడు కూర్చుని గంటల తరబడి నడపబోతున్నాడు. అన్న చేసింది ముమ్మాటికీ సరైన పని.

సీటు, బెల్టుల దగ్గర వాడినవి తీసుకుందామనుకున్నాం. లేబుల్ చూస్తే గడువు దాటిపోయింది. ఎఫ్ఐఏ 8855-1999 రకం సీటు గడువు తయారైన తేదీ నుంచి 5 ఏళ్ళే. బెల్టులకూ గడువు ఉంటుంది. చూడ్డానికి కొత్తగానే ఉన్నా ఎండకూ చెమటకూ దారం బలం తగ్గుతుంది. ఈ రెండూ కొత్తవే కొన్నాం.

కిల్ స్విచ్ గురించి కూడా చెప్పాలి. ప్రమాదం జరిగితే బయటివాళ్ళు కరెంటు మొత్తం ఆపేసే స్విచ్ అది. బిగించాం, ఇంజిన్ స్టార్ట్ చేశాం, స్విచ్ తిప్పాం. ఇంజిన్ ఆగలేదు! బ్యాటరీ తెగిపోయినా కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ తిరుగుతూనే ఉంది కాబట్టి దాని కరెంటుతోనే ఇంజిన్ నడుస్తోంది. తమ్ముడు స్విచ్ మార్చి, బ్యాటరీతో పాటు ఇగ్నిషన్‌ను కూడా తెంపే రకం పెట్టాడు. ఆల్టర్నేటర్‌లో మిగిలిన కరెంటు పోవడానికి రెసిస్టర్ కూడా కలిపాడు. ఇంజిన్ నడుస్తుండగా తిప్పి చూడకపోతే ఈ లోపం మాకు తెలిసేదే కాదు.

ఆరో నెలలో మొదటిసారి ట్రాక్ మీదికి వెళ్ళాం. తొమ్మిదో ల్యాప్‌లో రేడియోలో మా చిన్నవాడి గొంతు వినపడింది: "అన్నా, పెడల్ మెత్తగా అయిపోయింది." ఆ వెంటనే, "అన్నా, కిందిదాకా పోతోంది." బండి మలుపు దాటి కంకరలోకి వెళ్ళి ఆగింది. వాడికేమీ కాలేదు. మా ఒంట్లో మాత్రం వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

ఆ రాత్రి లెక్క వేశాను. పొడవాటి స్ట్రెయిట్ చివర బండి 150 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది, మలుపు కోసం 70కి తగ్గాలి. డ్రైవర్‌తో కలిపి బరువు 1,000 కిలోలు అనుకుంటే, ఆ ఒక్క బ్రేకులోనే సుమారు 680 కిలోజౌళ్ళ శక్తి వేడిగా మారుతుంది. రెండు లీటర్ల చల్లటి నీళ్ళను మరిగేదాకా తీసుకురావడానికి దాదాపు ఇంతే వేడి కావాలి. రెండు నిమిషాలకోసారి, ల్యాప్ తర్వాత ల్యాప్, ఇదే వేడి. అందులో ఎక్కువ భాగం ముందు డిస్కుల మీదే పడుతుంది.

పెడల్ ఎందుకు మెత్తబడిందో చూద్దాం. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. కానీ అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు కలిసిన డాట్ 4కు ఉండాల్సిన కనీస మరుగు స్థానం 155 డిగ్రీలే. మా బండిలో ఉన్నది ఎప్పుడు పోసిన ఆయిలో ఎవరికీ తెలియదు. ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే కాలిపర్‌లో అది మరిగి ఆవిరి బుడగలు వచ్చాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి డిస్క్ దాకా వెళ్తుంది, బుడగను నొక్కితే అదే కుంచించుకుపోతుంది. అందుకే పెడల్ నేలను తాకింది.

పాత ఆయిల్ పూర్తిగా తీసి, కొత్తగా ఉన్నప్పుడు 300 డిగ్రీలకు పైన మరిగే రేసింగ్ ఆయిల్ పోశాం. ట్రాక్ ప్యాడ్లు వేశాం. డిస్క్ వెనక ఉండే దుమ్ము రేకు తీసేశాం. ముందు బంపర్‌లో ఫాగ్ లైట్లు ఉండే చోటు నుంచి గాలి పైపు తీసి, దాని మూతిని డిస్క్ మధ్య భాగానికి గురిపెట్టాం. మొదట నేను డిస్క్ ముఖానికి పెట్టాను. అలా పెడితే ఒక వైపే చల్లబడి డిస్క్ వంకరపోతుందని తర్వాత తెలిసింది. మధ్యలోకి పంపితే లోపలి సందుల గుండా గాలి బయటికి తిరిగి, రెండు వైపులా సమానంగా చల్లారుతుంది. మరోసారి ట్రాక్‌కు వెళ్తే 40 ల్యాప్‌ల తర్వాత కూడా పెడల్ గట్టిగానే ఉంది.

ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. పొడవాటి కుడి మలుపులో ఆయిల్ లైట్ మినుక్కుమందని డ్రైవర్ చెప్పాడు. గతుకు మీద వైర్ కదిలి ఉంటుందిలే అనుకుని ఇంకో పది ల్యాప్‌లు తిప్పాం. అక్కడ బండిని ఆపాల్సింది.

మంచి టైర్లున్న బండి మలుపులో పక్కకు లాగే బలం 1 జీ, అంటే బండి బరువంత బలం, దగ్గరికి వస్తుంది. 1 జీ అంటే ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోని ఆయిలంతా ఒక గోడ ఎక్కి కూర్చుంటే, మధ్యలో ఉన్న పీల్చే గొట్టానికి గాలే దొరుకుతుంది. రోడ్డు మీద అలాంటి మలుపు ఒక్క క్షణం, ట్రాక్ మీద ఐదారు సెకన్లు. కంపెనీ లైట్ వెలిగేసరికి ప్రెషర్ దాదాపు సున్నాకు పడిపోయి ఉంటుంది, అప్పటికే ఆలస్యం.

షెడ్డుకు తెచ్చి ఆయిల్ ఫిల్టర్‌ను నిలువునా కోశాం. లోపలి కాగితం మడతలు విప్పి టార్చ్‌లైట్ కింద పెడితే సన్నటి లోహపు పొడి తళతళమంది. సంప్ దింపి కనెక్టింగ్ రాడ్ బేరింగులు విప్పాం. నాలుగింటిలో ఒకటి పై పూత అరిగి రాగి రంగు బయటపడింది. అదృష్టం కొద్దీ క్రాంక్ మీద గీత పడలేదు. బేరింగులన్నీ మార్చాం. సంప్ లోపల 2 మిల్లీమీటర్ల రేకుతో పీల్చే గొట్టం చుట్టూ గది కట్టాం. దానికి చిన్న తలుపులు పెట్టాం, ఆయిల్‌ను లోపలికి రానిస్తాయి, బయటికి పోనివ్వవు. మీటర్ ముందు పెద్ద ఎర్ర లైట్ పెట్టి, 1.4 బార్ కంటే తగ్గితే వెలిగేలా చేశాం. అది వెలిగితే ఇంజిన్ వెంటనే ఆపేయాలి. ఎందుకు, ఏమిటి అని రేడియోలో అడగకూడదు. ఇది మా జట్టులో మొదటి రూల్ అయింది.

పెట్రోలు టాంక్‌లోనూ ఇదే కథ. కావాలని టాంక్ ఖాళీ అయ్యేదాకా తిప్పి చూశాం. 8 లీటర్ల కంటే తగ్గాక మలుపుల్లో ఇంజిన్ దగ్గుతోంది. టాంక్ 35 లీటర్లది, ట్రాక్ మీద గంటకు 13 లీటర్లు తాగుతోంది. అంటే వాడుకోగలిగేది 27 లీటర్లు, రెండు గంటలు. మా రేసు ప్రణాళిక మొత్తం ఈ ఒక్క అంకె మీదే నిలబడింది.

రేడియేటర్‌లో కూలెంట్ తీసి మంచినీళ్ళు పోశాం. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ట్రాక్ మీద ఒలికితే వెనక వచ్చేవాళ్ళు జారిపోతారు, అందుకే చాలా పోటీల్లో దాన్ని అనుమతించరు. షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు కొత్తవి వేశాం. టైరు లోపల, మధ్యలో, బయట వేడి కొలుస్తూ ముందు చక్రాల వంపు సరిచేశాం. చక్రాలు కాస్త బయటికి ఉంటే మలుపులో బండి నిలకడగా ఉంటుందని నేను పట్టుబట్టి స్పేసర్లు, అంటే చక్రాన్ని బయటికి జరిపే మందపాటి బిళ్ళలు, వేయించాను. దాని ఫలితం తర్వాత చెబుతాను.

ఆఖరి నెలంతా డ్రైవర్ మార్పు ప్రాక్టీసు. ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల రేసు లే మాన్. 1969లో ఆ రేసులో డ్రైవర్లు పరుగెత్తి కార్లెక్కే పాత పద్ధతి ఉండేది. జాకీ ఇక్స్ ఆ పద్ధతి ప్రమాదకరమని చెప్పడానికి నడుచుకుంటూ వెళ్ళి, బెల్టు సరిగ్గా పెట్టుకుని అందరికంటే వెనక బయలుదేరాడు. 24 గంటల తర్వాత గెలిచింది ఆయనే. అదే రేసు మొదటి ల్యాప్‌లో జాన్ వుల్ఫ్ అనే డ్రైవర్ ప్రమాదంలో చనిపోయాడు. మరుసటి ఏడాది నుంచి డ్రైవర్లు బెల్టు పెట్టుకుని కార్లోనే కూర్చుని మొదలుపెట్టారు. ఈ సంగతి మా షెడ్డులో చాలాసార్లు చెప్పుకున్నాం. దిగేవాడు బెల్టులను రబ్బరు తాళ్ళతో కేజ్‌కు తగిలించి దిగుతాడు, ఎక్కేవాడికి అవి సీటు కింద ఇరుక్కోవు. దిగినవాడే ఎక్కినవాడి భుజం బెల్టులు లాగి బిగించాలి. మొదటి రోజు 4 నిమిషాలు పట్టింది, చివరికి నిమిషంన్నరకు వచ్చింది. పెట్రోలు పోసేటప్పుడు బండి మీద ఎవరూ చేయి వేయకూడదు, ఒకరు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని నిలబడాలి. దీన్నీ అంతే శ్రద్ధగా ప్రాక్టీసు చేశాం.

తనిఖీలో ఒకే ఒక్క లోపం దొరికింది. వెనక టోయింగ్ హుక్‌ను చూపించే బాణం గుర్తు లేదు. టేపు ముక్కతో పది నిమిషాల్లో అతికించాం. కేజ్ అతుకుల మీద వేలు పెట్టి చుట్టూ తడిమి చూసిన పెద్దాయన తల ఊపి ముందుకు వెళ్ళాడు. అన్న ముఖం వెలిగిపోయింది.

రేసులో మొదటి ఆరు గంటలు పెద్దగా చెప్పడానికేమీ లేదు, మాకు కావాల్సిందీ అదే. పెద్ద బండ్లు పక్కనుంచి దూసుకుపోతుంటే మాది తన ల్యాప్ తాను తిరుగుతూ ఉంది. ట్రాక్ పక్కన బండ్లు ఆపే పిట్‌లోకి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, బ్రేకు మీద కాలు పెట్టొద్దు అని డ్రైవర్లకు ప్రతిసారీ గుర్తుచేశాం. బాగా వేడెక్కిన ప్యాడ్ డిస్క్‌కు ఆని ఉంటే దాని ముద్ర పడుతుంది.

ఏడో గంటలో నేనే స్టీరింగ్ దగ్గర ఉన్నాను. ఎడమ మలుపుల్లో ముందు కుడివైపు నుంచి గరగరమనే శబ్దం, స్టీరింగ్‌లో సన్నటి వణుకు. రెండు ల్యాప్‌లు విని పిట్‌లోకి తెచ్చాను. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదులుతోంది. వీల్ బేరింగ్ పోయింది. నా స్పేసర్ల పనే అది. చక్రం బయటికి జరిగినకొద్దీ బేరింగ్ మీద వంచే బలం పెరుగుతుంది. వేసిన రోజు అన్న ఈ మాట చెప్పాడు, నేను వినలేదు. ఇప్పుడు ఆయన ఏమీ అనకుండా గ్లోవ్స్ వేసుకున్నాడు.

బేరింగ్ మార్చాలంటే ప్రెస్ కావాలి, పిట్‌లో ప్రెస్ ఎక్కడిది? కానీ ముందే ఒక స్పేర్ నకిల్‌కు, అంటే చక్రం బేరింగ్‌ను పట్టి ఉంచే భాగానికి, కొత్త బేరింగ్, హబ్ బిగించి సంచిలో పెట్టుకుని వచ్చాం. మొత్తం నకిల్‌నే విప్పి మార్చేశాం. యాక్సిల్ నట్ బిగించేటప్పుడు ఇద్దరం పట్టుకున్నా అన్నే టార్క్ రెంచ్ చూశాడు. 47 నిమిషాలు. స్పేసర్లు రెండు వైపులా తీసేసి, చక్రాలకు వాటి పాత బోల్టులే బిగించి పంపాం. స్పేసర్లు లేకుండా ల్యాప్ టైమ్ ఏమీ తగ్గలేదు, పెరగలేదు. అది చూసి నాకు మరీ బాధేసింది.

పదో గంటలో చినుకులు మొదలయ్యాయి. చీకటి, తడి, అద్దం లోపల ఆవిరి. చిన్నవాడు రేడియోలో "హీటర్ ఆన్ చేశాను, కనపడుతోంది" అన్నాడు. పిట్ గోడ మీద కూర్చున్న తమ్ముడు ఏమీ మాట్లాడలేదు, నా భుజం మీద చేయి వేశాడు. మాకంటే ముందున్న రెండు బండ్లు ఆ వానలోనే ట్రాక్ బయటికి వెళ్ళిపోయాయి. మా టెన్షన్ మాటల్లో చెప్పలేను. ప్రతి ల్యాప్‌కూ హెడ్‌లైట్లు మలుపు తిరిగి కనపడేదాకా ఊపిరి బిగపట్టుకుని చూశాం.

జెండా ఊపే సమయానికి బండి 301 ల్యాప్‌లు పూర్తి చేసింది. 31 బండ్లలో మేం 17వ స్థానం. ఎర్ర లైట్ 12 గంటల్లో ఒక్కసారి కూడా వెలగలేదు.

మూడు రోజుల తర్వాత షెడ్డులో కలిశాం. ముందు ప్యాడ్లలో ఇంకా 4 మిల్లీమీటర్లు మిగిలి ఉంది. ఆయిల్ దింపి, ఫిల్టర్ విప్పి నిలువునా కోశాం. అన్న కాగితం మడతలు ఒక్కొక్కటీ విప్పుతుంటే నలుగురం టార్చ్‌లైట్లు పట్టుకుని వంగి చూశాం. నల్లటి ఆయిల్ తప్ప ఏమీ లేదు. ఎక్కడా మెరుపు లేదు.